చీర కప్పిన చప్పన్ కద్దూ

ఇప్పుడు పెద్ద దుకాణాల్లో దాన్ని జుకీనీ అని పేరు పెట్టి, పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, చల్లటి అరలో పడుకోబెట్టి అమ్ముతున్నారు. అది పొడుగ్గా ఉంటుంది, నాకు తెలిసింది గుండ్రంగా ఉండేది, అంతే తేడా. రెండూ ఒక ఇంటివే. ఢిల్లీలో ఆ రోజుల్లో దాన్ని చప్పన్ కద్దూ అనేవాళ్ళు. లేత ఆకుపచ్చ మీద తెల్లటి చారలతో, సొరకాయకి చెల్లెల్లా ఉండేది. దాన్ని ఎక్కడ చూసినా నాకు ఒళ్ళు మండుతుంది. పాపం, కాయ మీద కోపమేమీ లేదు. ఆర్.కె. పురం క్వార్టర్లలో మా పక్కింట్లో ఉండే ఆంటీజీ గుర్తొస్తుంది.

ఆవిడ చెడ్డదని చెప్పబోవడం లేదు. చెడ్డదైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. నాలుగు తిట్టుకుని నిద్రపోయేదాన్ని. ఆవిడ మంచిది. నేను కుళ్ళుకున్నాను. ఈ రెండు మాటలూ నిజమే.

డెబ్బైల చివర్లో మా ఆయనకి ఆ క్వార్టరు వచ్చింది. అంతకు ముందు మునిర్కాలో గేదెల పాకల సందున ఒక్క గదిలో ఉండేవాళ్ళం. అక్కణ్ణించి ఇక్కడికి వచ్చేసరికి నాకు రాజభవనంలో కాలు పెట్టినట్టే అనిపించింది. కింది అంతస్తు. వెనక తలుపు తీస్తే చిన్న పెరడు. మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య నడుమెత్తు గోరింటాకు కంచె. కంచెకి ఇటు పిచ్చిగడ్డి, విరిగిన ఇటుకలు, నేను ఆరేసిన బట్టలు. అటు ఆంటీజీ తోట.

ఆవిడ పంజాబీ. యాభై దాటిన మనిషి. చున్నీని తలకి బిగించి కట్టుకుని, పొద్దున్నే నేల మీద గొంతుకూర్చుని పని చేస్తూ ఉండేది. కొడుకులిద్దరూ పెద్దవాళ్ళైపోయారు. ఒకడు ఫౌజ్‌లో, ఒకడు బొంబాయిలో. ఇంట్లో ఆవిడా, రిటైర్మెంటు దగ్గరపడ్డ అంకుల్‌జీ, అంతే. మునిర్కా నుంచి గంపలతో పేడ తెప్పించుకునేది. అక్కడున్నన్నాళ్ళూ నేను ఏ పేడ వాసనకి ముక్కు మూసుకున్నానో, ఆ పేడతోనే ఆవిడ పెరడు విరగకాసింది. మెంతికూర, ముల్లంగి, చలికాలం వెళ్ళీ వెళ్ళగానే చప్పన్ కద్దూ. అది తీగ సాగే రకం కాదు. ఉన్నచోటనే గొడుగుల్లాంటి ఆకులు విప్పుకుని, మధ్యలో పసుప్పచ్చటి పూలతో గుబురుగా కూర్చుంటుంది. మార్చి చివరికల్లా ఆవిడ కంచె మీదుగా కాయలు పంచడం మొదలుపెట్టేది. మాకూ ఇచ్చేది. మమ్మల్ని మాత్రం మద్రాసీలనే అనేది. మాది తెనాలి వైపని, మద్రాసుకీ మాకూ సంబంధం లేదని ఎన్నిసార్లు చెప్పినా, అచ్ఛా అచ్ఛా అని తలూపి, మర్నాడు మళ్ళీ మద్రాసీ అనేది.

ఇదంతా ఓర్చుకునేదాన్నే. పెరడు నాకు పెద్ద విషయం కాదు. విషయం మా అమ్మాయి.

దానికప్పుడు ఆరో ఏడు. పుల్లలా ఉండేది. ఏది పెట్టినా కంచం ముందు కూర్చుని గోడకేసి చూసేది. నెయ్యేసి పప్పన్నం కలిపి, కాకమ్మనీ పిచ్చికమ్మనీ పిలిచి, చివరికి వీపు మీద ఒక్కటేస్తే గానీ నాలుగు ముద్దలు దిగేవి కావు. డాక్టరు దగ్గరికి వెళ్తే టానిక్ రాసిచ్చాడు. ఆ టానిక్ కూడా తాగేది కాదు. అలాంటి పిల్ల సాయంత్రమయ్యేసరికి కంచె సందులోంచి దూరి అటు వెళ్ళి, ఆంటీజీ నులకమంచం మీద కాళ్ళూపుకుంటూ కూర్చుని రొట్టె తినేది. వాము వేసి వేయించిన చప్పన్ కద్దూ కూరతో. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. అవును, నా కూతురే. నోరు తెరిచి, అడిగి పెట్టించుకుని తింటోంది.

పైగా ఆవిణ్ణి బీజీ అని పిలిచేది. వాళ్ళలో అమ్మనీ నాయనమ్మనీ అలా పిలుస్తారట. నన్నేమో స్కూల్లో అందరి పిల్లల్లాగే మమ్మీ అనేది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు. అటు వెళ్ళి ఆవిడతో పంజాబీ కూడా మొదలుపెట్టింది. తొమ్మిది నెలలు మోసింది నేను, బీజీ ఆవిడా అని మా ఆయనతో అంటే, తింటోందిగా, ఎక్కడ తింటే ఏం అన్నాడు. మగవాళ్ళకి ఇవి అర్థం కావు. అది ఆ నులకమంచం మీద కనబడితే చాలు, నేను వెనక తలుపు తీసి, గుమ్మంలో నిలబడి గట్టిగా పిలిచేదాన్ని. “ఇటు రావే.” పని ఉండి కాదు. అక్కడ ఉందని. అది ఆ బుగ్గలో ముద్ద అలాగే ఉంచుకుని కంచె దాటి వచ్చేది. కడుపు నింపుకునే వచ్చిందని నాకు కడుపుమంట.

ఆ తరవాతి చలికాలం చివర నేనే చప్పన్ కద్దూ వేశాను. విత్తనాలు ఆంటీజీని అడిగితే దోసెడు ఇచ్చేది. అడగలేదు. పప్పులూ చింతపండూ కొనుక్కోవడానికి కరోల్ బాగ్ వెళ్ళినప్పుడు విత్తనాల కొట్టు వెతుక్కుని తెచ్చుకున్నాను. ఇటుకలు ఏరి, గడ్డి పీకి, పాదులు తవ్వి, బియ్యం కడిగిన నీళ్ళు పోసి పెంచాను. నా ఆలోచన చాలా తేలికైనది. నా పిల్లకి ఆ కాయే కావాలంటే నా పెరట్లో కాసింది, నా పొయ్యి మీద వండింది, నా చేత్తో తింటుంది. అప్పుడిక కంచె దూరాల్సిన పనేముంది?

మొక్కలు బాగానే వచ్చాయి. ఆకులు నా అరచేతిని మించాయి. మొదటి పిందె కనబడ్డ రోజున ఆంటీజీ కంచె మీదకి వంగి చూసింది. “అరే వాహ్, ఎంత బాగుంది” అని నోరారా మెచ్చుకుంది. నాకు గుండె గుభేలుమంది. మావైపు పసిపిల్లనైనా పిందెనైనా అలా మొహాన మెచ్చుకుంటే ఊరుకుంటారా? బాగుందని అనాల్సి వస్తే ఓ థూ అనేసి మరీ అంటారు. ఇంకేముంది, పిందె కొస పసుపెక్కి, మెత్తబడి, రాలిపోయింది.

నాకిక అనుమానం లేదు. దిష్టే. ఆ సాయంత్రం ఉప్పూ ఎండుమిరపకాయలూ పాదుల చుట్టూ తిప్పి తెచ్చి కుంపట్లో వేశాను. మిరపకాయల ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టే. ఇంట్లో పగిలిన కుండకి సున్నం బొట్లు పెట్టి కర్ర మీద బోర్లించాను. అయినా తృప్తి లేకపోయింది. కుండ ఒక పక్క చూస్తుంటే ఆవిడ ఇంకో పక్కనించి చూడదా? పొద్దున లేచిన దగ్గర్నించి ఆవిడ ఉండేదే పెరట్లో. బాగా ఆలోచించి, వెలిసిపోయిన నీలం వాయిల్ చీర ఒకటి తీసి, నాలుగు పుల్లలు పాతి, పాదుల మీద డేరాలా కప్పేశాను. నాలుగు వైపులా అంచులు ఇటుకలతో నొక్కిపెట్టాను. పొద్దున్నించీ అలా కప్పి ఉంచి, సాయంత్రం ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక చీర ఎత్తి నీళ్ళు పోసి మళ్ళీ కప్పేసేదాన్ని. మా ఆయన అడిగితే ఎండకి అన్నాను. అప్పటికింకా ఎండలు ముదరలేదు. మొక్కలకి పరదా పెట్టావన్నమాట అని నవ్వి ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

ఆంటీజీ మాత్రం ఏమీ అడగలేదు. చీరకేసి ఒకసారి చూసి, తన పని చేసుకుంది. ఆ అడగకపోవడం చూసి నేను దొంగ దొరికిందనుకున్నాను.

చీర కప్పాక ఇంకా ఘోరమైంది. పిందె మీద పిందె వచ్చేది. వచ్చింది వచ్చినట్టే పసుపెక్కి రాలిపోయేది. ఒక్కటి నిలవలేదు. కంచె అవతల ఆవిడ గంపలకెత్తుతోంది. నేను రాలిన పిందెలు ఏరి, ఎవరికీ కనబడకుండా కాగితంలో చుట్టి పారేసేదాన్ని. ఒకరోజు అలా ఏరుతూ ఏడ్చేశాను. కాయల కోసం ఎవరైనా ఏడుస్తారా? అమ్మాయి వెనక తలుపు దగ్గర నిలబడి చూసింది. ఏమైందని హిందీలో అడిగింది. ఏమీ లేదు, పోయి పుస్తకం తియ్యి అని కసిరాను.

తరవాత కొద్దిరోజులకే పిందెలు నిలబడటం మొదలైంది.

మొదట నమ్మలేదు. సాయంత్రం చీర ఎత్తి చూస్తే నిమ్మకాయంత కాయ. మర్నాటికి ఇంకొంచెం ఊరింది. పక్కన ఇంకోటి. దిష్టి దిగిందన్నమాట. నా ఉప్పూ మిరపకాయలే పని చేశాయని ఎంత మురిసిపోయానో. ఇరుగుపొరుగు తెలుగు ఆడవాళ్ళకి చీర విద్య నేర్పాలని కూడా అనుకున్నాను.

మొదటి కాయలు కోసి, పాలు పోసి కూర వండాను. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరప తాలింపు, దించేముందు కాస్త నువ్వుల పొడి. సొరకాయకి మా అమ్మ చేసే పద్ధతి. మొట్టమొదట ఒక గిన్నెలో పెట్టుకుని, కొంగు సర్దుకుని, కంచె మీదుగా ఆంటీజీకి ఇచ్చాను. మా పెరట్లో కాసినవి అని హిందీలో గట్టిగా చెప్పాను. ఆవిడ అక్కడే నిలబడి వేలితో తీసుకుని నోట్లో వేసుకుంది. నీ చేతిలో రుచి ఉంది బేటీ అంది. మొక్కల సంగతి ఒక్క మాట అనలేదు. ఓడిపోయింది కదా, ఏమంటుంది అనుకున్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర అద్భుతం జరిగింది. అమ్మాయి గోడకేసి చూడలేదు. కూర కలిపిన అన్నం తనంతట తను తిని, ఇంకొంచెం పెట్టమంది. నేను మా ఆయనకేసి చూశాను. చూశావా అన్నట్టు. అప్పుడది తినడం ఆపి, మైనే బనాయా అంది. తనే చేసిందట. ఏం చేశావే అన్నాను నవ్వుతూ. నువ్వు కాదు మమ్మీ, నేనే పెళ్ళి చేశాను, అందుకే కాయలొచ్చాయి అంది హిందీలో. చెప్పకూడనిది చెప్పేశానని అప్పుడు గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నాకు అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున రోజూలా పాల బూత్‌కి వెళ్ళకుండా దాన్ని లేపి పెరట్లోకి తీసుకెళ్ళాను. చెయ్యి, చూపించు అన్నాను. అది ఒక అంచు ఇటుక తీసి, చీర కిందికి పాక్కుంటూ వెళ్ళింది. నేను మోకాళ్ళ మీద వంగి చూశాను. పొద్దుటి పూలు విచ్చుకుని ఉన్నాయి. సన్నటి కాడ ఉన్నది అబ్బాయి పువ్వట. కింద చిన్న పిందె ఉన్నది అమ్మాయి పువ్వట. ఎండెక్కేలోపు రెండూ ముడుచుకుపోతాయట. అబ్బాయి పువ్వు రెక్కలు విప్పి, లోపలి పుప్పొడిని అమ్మాయి పువ్వు మధ్యలో మెల్లగా అద్దాలట. మామూలుగా ఈ పని తేనెటీగలు చేస్తాయి. మమ్మీ చీర కప్పింది కాబట్టి అవి లోపలికి రాలేవు. ఇదంతా నా కూతురు నాకు చెప్పింది. నేను సాయంత్రం చీర ఎత్తే వేళకి పూలు ఎప్పుడో ముడుచుకుని ఉండేవి. మా ఊళ్ళో సొరపాదులూ బీరపాదులూ వాటంతటవే కాసేవి. వాటికెవరూ చీర కట్టలేదు మరి.

“ఎవరు చెప్పారే నీకు?” అన్నాను. తెలిసే అడిగాను.

బీజీ. నేను ఏడ్చిన రోజున ఇది వెళ్ళి, మమ్మీ ఏడుస్తోందని చెప్పిందట. అప్పట్నించీ రోజూ నేను పాల బూత్‌లో క్యూలో ఉండగా ఆవిడ తన పాదుల్లోంచి అబ్బాయి పూలు కోసి, చిన్న స్టీలు గిన్నెలో వేసి, కంచె సందులోంచి అందించేదట. మా పూలే కోయొచ్చు కదా అని ఇది అడిగితే, మమ్మీ రోజూ ఎన్ని పూలున్నాయో చూసుకుంటుంది, తగ్గితే తెలిసిపోతుంది అందిట బీజీ. మమ్మీకి చెప్పకు, తన కాయలని అనుకోనీ అని కూడా అందిట.

అంటే నేను గిన్నె పట్టుకుని కొంగు సర్దుకుని వెళ్ళినప్పుడు ఆవిడకి అన్నీ తెలుసు. తెలిసీ వేలితో రుచి చూసి, నీ చేతిలో రుచి ఉంది అంది. తల కొట్టేసినట్టైంది. కృతజ్ఞత కలగాలి, కదా? కలగలేదు. నా కాయల్లో సగం ఆవిడదే. నా కూతురికీ ఆవిడకీ మధ్య నాకు తెలియని రహస్యం ఒకటి ఉంది, అది కూడా నా మీద జాలితో. ఒక మనిషి మీద అసూయపడితే పడొచ్చు గానీ, ఆ మనిషి జాలిపడితే ఎలా ఓర్చుకోవడం? చీర లాగి అవతల పారేశాను. ఆ తరవాత తేనెటీగలే వచ్చి పని చూసుకున్నాయి. కాయలు విరగకాశాయి. అమ్మాయి నా చేతి కూర తినేది, ఒప్పుకుంటాను. సాయంత్రం మళ్ళీ కంచె దూరేది. నేను మళ్ళీ పిలిచేదాన్ని. ఆవిడతో ఈ సంగతి ఎత్తలేదు. ఆవిడా ఎత్తలేదు.

మరుసటి ఏడు అంకుల్‌జీ రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి లూధియానా దగ్గర తమ సొంతూరికి వెళ్ళిపోతున్నారు. మర్నాడు లారీ వస్తుందనగా, వంటింటి సామానంతా కట్టేసుకున్నారని నేను టీ పట్టుకెళ్ళాను. ఆవిడ పెరట్లో కుంపటి మీద ఆఖరి కాయలు వేయిస్తోంది. అమ్మాయి ఇంకా స్కూలు బట్టల్లోనే ఉంది, మా ఇంట్లో బూట్లు విప్పుకుంటోంది. ఆంటీజీ టీ తాగుతూ, కుంపటికేసే చూస్తూ చెప్పింది. హిందీలో అన్న మాటల్ని నా మాటల్లో రాస్తున్నాను.

“ఆ చీర ఎందుకు కప్పావో నాకు మొదటిరోజే తెలుసు. మాలోనూ నజర్ ఉంది బేటీ. మేమూ గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కడతాం.”

ఆవిడ కుంపటి మీది కాయల్ని ఒకసారి కలియబెట్టింది.

“నా కళ్ళు నీ కద్దూ మీద ఎప్పుడూ పడలేదు. సాయంత్రం నువ్వు ఆ గుమ్మంలో నిలబడి ఒక్క పిలుపు పిలుస్తావు చూడు. నేను ఎంత నెయ్యేసి పెట్టనీ, ఎంత ముద్దుగా పెట్టనీ, నోట్లో ముద్ద నమిలి మింగకుండా లేచి పోతుంది. రోజూ సగం కంచం నాకు మిగిల్చి పోతుంది. నా కళ్ళు పడితే ఆ పిలుపు మీద పడ్డాయి.”

ఖాళీ గ్లాసులు తీసుకుని ఇంటికి వచ్చేశాను. ఆ సాయంత్రం నేనూ కూర వండాను. అమ్మాయి నులకమంచం మీద కూర్చుని తింటోంది. కిటికీలోంచి కనబడుతోంది. ఇవాళ పిలవకూడదనుకున్నాను. వెనక తలుపు తీశాను. ఊరికే గుమ్మంలో నిలబడదామనుకున్నాను. నోరు ఆగలేదు.

“ఇటు రావే.”

రోజూలాగే వచ్చేసింది. బుగ్గ ఉబ్బి ఉంది. నేను ఏనాడూ దాని వెనక్కి చూసినదాన్ని కాను, ఆ రోజు చూశాను. ఆంటీజీ మంచం పక్కన నిలబడి ఉంది. చేతిలో కంచం. కంచంలో సగం రొట్టె, కూర అలాగే ఉన్నాయి. అబద్ధం ఎందుకు, నాకు ముందు సంతోషమే కలిగింది. ఒళ్ళంతా పాకిన సంతోషం. ఇన్నేళ్ళూ గెలుస్తున్నది నేనేనా అనుకున్నాను. ఆవిడ ఆ కంచాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూస్తోంది.

“వెళ్ళి మొత్తం తినేసి రా” అన్నాను.

అది నమ్మలేదు. సచ్? అంది. నిజమేనే, వెళ్ళు అన్నాను. కంచె సందులోంచి మళ్ళీ దూరింది. ఆంటీజీ నా వైపు చూడలేదు. మంచం మీద కూర్చుని, రొట్టె తుంచి కూరలో అద్ది దాని నోటికి అందించింది. అది తింది. ఇంకోటి అందించింది. అదీ తింది. లోపల నేను వండిన కూర చల్లారిపోతోంది. ఒక్కొక్క ముద్దకీ నా కడుపు రగిలిపోతోంది. కంచం ఖాళీ అయ్యేదాకా ఆ గుమ్మంలోనే, పెదవులు బిగబట్టి నిలబడ్డాను.